అట్ట మీది అమ్మాయి పేరేంటి?

మా పెద్దమ్మకి తెలుసుకోవాలనే జబ్బు ఉంది. జబ్బని ఎందుకంటున్నానంటే, దానికి మందు లేదు కనక. బస్సులో పక్కన కూర్చున్న మనిషి దిగేలోపు ఆ మనిషి పుట్టిల్లు, అత్తిల్లు, మోకాళ్ళ నొప్పి, తోడికోడలి పొగరు అన్నీ కూపీ లాగేసేది. పక్షవాతంతో పెదనాన్న మంచాన పడ్డాక, బస్టాండులో ఆయన నడిపే పేపర్ల బడ్డీలో ఈవిడ కూర్చుంది. సాయంత్రం ఆఫీసు అయ్యాక, నా బస్సు వచ్చేదాకా నేనూ అక్కడే స్టూలు మీద చేరేదాన్ని. అందరి చేతుల్లోకీ ఫోన్లు రాని రోజులవి.

ముందు వరసలో దినపత్రికలు, పరీక్షల గైడ్లు ఉండేవి. వెనక తాడుకి క్లిప్పులు పెట్టి, ప్లాస్టిక్ కవర్లలో బూతు పుస్తకాలు వేలాడేవి. పెదనాన్న వాటి సంగతి ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు. పెద్దమ్మ ఊరుకుంటుందా? రెండో రోజే ఒకటి దించి, కవరు చింపి, కళ్ళజోడు పెట్టుకుని, నడి బస్టాండులో మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివేసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఒళ్ళంతా చూపించారు గానీ, ఈ పిల్ల ఎవరో ఒక్క ముక్క రాయలేదేమిటే? బస్సు బోల్తా పడి పోయినవాళ్ళకి కూడా పేరూ ఊరూ వేస్తారు కదా పేపర్లో!"

"నాకేం తెలుసు పెద్దమ్మా, ముందది లోపల పెట్టు."

నాకు తెలియకపోతే కొనేవాళ్ళకి తెలుస్తుందనుకుంది. మర్నాడు టై కట్టుకున్న ఒకాయన అటూ ఇటూ చూసి, దినపత్రిక మధ్యలో ఒక పుస్తకం దోపుకుంటుంటే, "బాబూ, ఈ అమ్మాయి పేరేంటి?" అని అడిగింది. ఆయన ముఖం కందగడ్డ అయింది.

"పే... పేరెందుకండీ?" అని నీళ్ళు నమిలాడు.

"అదేమిటి నాయనా, ఇంటికి తీసుకెళ్తున్నావు, పేరైనా తెలుసుకోవా?"

ఆయన పుస్తకం అక్కడే పడేసి, కదులుతున్న బస్సు ఎక్కేశాడు. అది ఆయన బస్సు కూడా కాదు.

నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఒట్టేసి చెబుతున్నాను, అందులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఎవరొచ్చినా అదే ప్రశ్న. తల్లి ఉందా, పెళ్ళయిందా, ఫొటో తీసేటప్పుడు చలి వెయ్యలేదా అనేదాకా వెళ్ళింది. ఆ పుస్తకాల కోసం వచ్చేవాళ్ళు పెద్దమ్మ కనపడగానే రోడ్డు దాటి అవతలి వైపు నుంచి జారుకోవడం మొదలుపెట్టారు.

పుస్తకాలు వేసే ఏజెంటు లబలబలాడుతూ వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? కట్టలకి కట్టలు తిరిగొస్తున్నాయి! ఇవి అమ్మకపోతే పేపర్లు కూడా ఆపేస్తా. నా దగ్గర రెండూ కలిపే."

పేపర్లు ఆగితే బడ్డీ లేదు. బడ్డీ లేకపోతే పెదనాన్నకి మందులు లేవు. అది తెలిసి కూడా పెద్దమ్మ, "పోనీ నువ్వు చెప్పవయ్యా, ఈ అమ్మాయి పేరేంటి?" అంది.

వాడు పకపకా నవ్వాడు. "పేరు తెలిస్తే ఎవడు కొంటాడమ్మా? తీరా మా చెల్లెలి పేరో, మీ చెల్లెలి పేరో అయి కూర్చుంటే?"

ఆ మాట విని పెద్దమ్మ పుస్తకాలు తీసుకుని మళ్ళీ తాడుకి తగిలించింది. కొన్నాళ్ళు ఎవర్నీ ఏమీ అడగలేదు. అడిగినవాడికి అడిగింది తీసిచ్చేది. అలా మాటాపలుకూ లేని పెద్దమ్మని చూస్తే నాకు ఏడుపొచ్చేది.

అలాంటి ఒక సాయంత్రం, చేతిలో టిఫిన్ డబ్బాతో ఒకమ్మాయి వచ్చింది. వెనక ఉన్న ఒక పుస్తకం చూపించి, "అవి ఎన్నున్నాయండీ? అన్నీ ఇచ్చేయండి," అంది. పెద్దమ్మ అట్ట మీద బొమ్మని చూసింది, ఎదురుగా ఉన్న ముఖాన్ని చూసింది. నేనూ చూశాను. రెండూ ఒకటే.

పెద్దమ్మ ఉన్నవన్నీ దించి, పాత పేపర్లో చుట్టి ఇచ్చింది. "డబ్బులొద్దు తల్లీ. కాసేపు కూర్చో."

నేను స్టూలు ఖాళీ చేశాను. తను నమ్మినవాడే ఆ ఫొటోలు తీశాడట, వాడే అమ్ముకున్నాడట. ఆఫీసువాళ్ళ కంట పడకముందే కొనేద్దామని దారిలో ఉన్న బడ్డీలన్నీ తిరుగుతోంది. చెబుతున్నంతసేపూ నేలనే చూసింది.

"నీ పేరేంటమ్మా?" అంది పెద్దమ్మ, ఎంతో మెల్లగా.

ఆ అమ్మాయి తలెత్తింది. పెద్దమ్మ చెవి దగ్గరకి వంగి చెప్పింది. నాకు వినపడలేదు.

ఏజెంటు మళ్ళీ వచ్చేసరికి వెనక తాడు కూడా లేదు. వాడు తెచ్చిన కొత్త కట్టని పెద్దమ్మ పక్కకి నెట్టేసింది.

"పేరు తెలిసిందయ్యా. ఇంక నా వల్ల కాదు."

"అయితే రేపట్నుంచి పేపర్లు రావు."

"రాకపోతే మానె."

వాడు అన్నంత పనీ చేశాడు. పెన్నులు, దువ్వెనలు, బిస్కెట్లు పెట్టుకుని పెద్దమ్మ ఆ బడ్డీని ఎలాగో ఈడ్చుకొచ్చింది. మందులకి తక్కువైనప్పుడు నా జీతంలోంచి వెళ్ళేది. కానీ ఆ రోజు వాడు వెంటనే పోలేదు. కట్ట భుజానికెత్తుకుని నాలుగడుగులు వేసి, వెనక్కి వచ్చాడు.

"ఎవరమ్మా?"

పెద్దమ్మ గైడ్లు సర్దుకుంటోంది.

"మా వైపు వాళ్ళెవరూ కాదు కదా?"

పెద్దమ్మ ఇంకో గైడు తీసి వరసలో పెట్టింది. వాడు బడ్డీ మెట్టు మీద కూలబడి, కట్ట విప్పి, ఒక్కో పుస్తకమే వెలుగులోకి పట్టుకుని ముఖాలు చూడటం మొదలుపెట్టాడు.