అడగకుండా టేపు చేసిన నాదస్వరం

రాజపాళయంలో నాకు మైక్ సెట్లు అద్దెకిచ్చే అంగడి ఉండేది. అరవైల్లో మదురై వెళ్ళి పాత టేప్ రికార్డరు ఒకటి కొన్నాను. పెద్ద చక్రాలు తిరిగే రకం. అది వచ్చిన నెలలోనే ఒక తప్పు చేశాను.

మా వీధుల పెళ్ళిళ్ళకు నాదస్వరం వాయించే పెద్దాయన ఒకరుండేవారు. ఒక పెళ్ళిలో ఆయన ముందు రెండో మైకు పెట్టాను.

"ఇదేంది తమ్ముడూ, ఒక నోటికి రెండు మైకులా?" అన్నారు.

"సత్తం ఇంకా గట్టిగా వినబడతాదన్నా," అన్నాను.

ఆ వైరు హారను స్పీకరుకు పోలేదు. అరుగు కింద దాచిన టేపుకు పోయింది.

తర్వాత రెండేళ్ళ పెళ్ళిళ్ళకు మైకుతో పాటు టేపులోని మేళం కూడా నేనే ఇచ్చాను. జనానికి సులువైంది. అది ఎవరి వాయిద్యమో ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆయనకు పిలుపులు తగ్గిపోయాయి. ఆయన పక్కన తవిలు డోలు వాయించేవాడు నూలు మిల్లులో చేరిపోయాడు. వచ్చే సోమవారం నుంచి పెద్దాయన కూడా మిల్లుకే పోతున్నారని టీ అంగట్లో విన్నాను. విని, టీ తాగేసి లేచి వచ్చాను. అంతే.

ఆ గురువారం పక్కనున్న సత్రపట్టిలో పెళ్ళి. పురోహితుడు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టే క్షణంలో తుమ్ములాంటి అపశకునం చెవిన పడకుండా మేళం ఒక్కసారిగా హోరెత్తాలి. టేపుకు పురోహితుడి చెయ్యి కనబడదు కదా! అది నెమ్మదిగా రాగం తీస్తూనే ఉంది. నేను చక్రాన్ని గట్టిమేళం ఉన్నచోటికి తిప్పేలోగా, పాత పెళ్ళిలో ఎవరో తుమ్మిన తుమ్ము, ఇన్నాళ్ళూ నేను దాటిస్తూ వచ్చినది, హారన్లోంచి ఊరంతా వినబడింది.

పెళ్ళికొడుకు చేతిలో తాళి ఆగిపోయింది.

"ఎవడ్రా తుమ్మినాడు?" అంది పెళ్ళికూతురి అవ్వ.

"మిషనుకు జలుబు చేసినాదవ్వా," అన్నాడు వెనకనుంచి ఒకడు.

"చెయ్యదా మరి? ఊళ్ళో మనిషిని వదిలిపెట్టి పెట్టెను తెచ్చినారే!"

ఆడవాళ్ళు పళ్ళేలూ చెంబులూ మోగించారు. ఆ మోతలోనే తాళి కట్టించారు. నేను సామాను బండికెక్కించి, నేరుగా పెద్దాయన ఇంటికి తోలించాను.

రెండో మైకు సంగతితో సహా అంతా చెప్పాను.

"ఆ టేపు నాదా?" అన్నారాయన. "ఎవరో పెద్ద విద్వాంసుడిదనుకుంటి. ఇంత బాగా వాయించేవాడు పెట్టెలో ఉండంగా మనల్ని ఎవరు పిలుస్తారు అనుకొని కదా, మిల్లుకు వస్తానని చెప్పినాను!"

నేను తల వంచుకున్నాను. డబ్బు కోసం చేసిన పని ఆయనకు తన మీద ఉన్న నమ్మకాన్నే తీసేసిందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

"పెట్టు, విందాం," అన్నారు.

పెట్టాను. తన వాయిద్యాన్ని తానే ఎదుట కూర్చొని వినడం ఆయనకు అదే మొదటిసారి. కళ్ళు మూసుకొని విన్నారు. ఒకచోట చెయ్యెత్తి ఆపమన్నారు. "ఇక్కడ ఊపిరి తెగినాది, చూడు. అడిగి ఉంటే ఇంకా బాగా వాయించి ఇచ్చి ఉందునే, దొంగోడా!" అని నవ్వేశారు.

"ఇకమీద మేళాన్ని పిలిచిన ఇంటికే నా మైకు వస్తాదన్నా," అన్నాను.

"సరి, చూస్తాంలే," అన్నారు. మిల్లుకు పోనని మాత్రం అనలేదు.

సోమవారం పొద్దున మిల్లు కూత వినగానే సైకిలెక్కాను. గేటు ముందు నిలబడ్డవాళ్ళలో ఆయన లేరు. అయినా నమ్మకం కుదరక ఆయన వీధికి పోయాను. సగం దూరంలోనే నాదస్వరం వినబడింది. టేపులో ఊపిరి తెగిన చోటునే మళ్ళీ మళ్ళీ సాధన చేస్తున్నారు. సైకిలు దిగి, గోడకు ఆనుకొని, హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.