మూడో ఏడాది ఆఖరి పేపరు

ఫిలాసఫీ డిగ్రీలో ఏ ఏడాది ఏ పేపరు ఉండాలో తేల్చడానికి ఆ పాఠాలు చెప్పే పెద్ద సారు, మేడమ్ నాలుగు నెలలుగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. వాళ్లు తేల్చిందల్లా టైపు కొట్టే పని కాలేజీ ఆఫీసులో టైపిస్టమ్మది. తర్కం మొదటి ఏడాదే ఉండాలని సారు పట్టుబడితే అలా కొట్టింది. పిల్లలు బెదిరిపోతారని మేడమ్ దాన్ని మూడో ఏడాదికి తోస్తే మళ్లీ మొదటినుంచి కొట్టింది. ఇలా తొమ్మిదిసార్లు. వేళ్లు లాగేవి, కళ్లు మండేవి. ఇంటికెళ్తే మొగుడు, "ఇవాళ తర్కం ఏ ఏడాదిలో ఉందే?" అని వేళాకోళమాడేవాడు.

మూడో ఏడాది ఆఖరి పేపరుకు మాత్రం పేరే లేదు. అడిగినప్పుడల్లా ఇద్దరిదీ ఒకటే మాట: "తర్వాత చెప్తాంలే అమ్మా."

పదోసారి ఆమెకు ఒళ్లు మండింది. ఆ ఖాళీలో "అలసట" అని కొట్టి సంతకాలకు పంపింది. తిట్లు ఖాయమనుకుంది. సారు అది మేడమ్ పెట్టించిందనుకున్నారు, మేడమేమో సారు పెట్టించారనుకుంది. ఇద్దరూ సంతకాలు పెట్టేశారు.

కాలేజీ తెరిచాక ఇద్దరూ ఆమె బల్ల ముందే తగువుకు దిగారు.

"అలసట పేపరు నేనే చెప్తాను. ముప్ఫై ఏళ్ల సర్వీసు నాది," అన్నారు సారు.

"ఇంట్లో చాకిరీ చేసొచ్చి ఇక్కడ పాఠాలు చెప్పేదాన్ని నేనండీ. అది నాదే," అంది మేడమ్.

టైపిస్టమ్మ మిషన్లో పదకొండో కాగితం ఎక్కించింది.

"ఇంతకీ ఎవరి పేరు కొట్టమంటారు?"

"తర్వాత చెప్తాంలే అమ్మా," అన్నారు ఇద్దరూ.