స్పాంజి ఎవరు కడిగారు?

తొమ్మిదేళ్లు నేనొక స్పాంజి ముక్కను మోశాను. తూకం వేస్తే యాభై గ్రాములుండదు. తడిసినప్పుడు కాస్త ఎక్కువ. ఇంత చిన్న వస్తువును దించుకోవడానికి ఇన్నేళ్లు ఎందుకు పట్టిందని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతున్నాను.

అప్పట్లో మెదక్‌లో ఒక రిటైరైన లెక్కల సార్ ఇంట్లో, పైగదిలో కిరాయికి ఉండేవాణ్ణి. కింద ముందుగదిలో ఆయనకొక మూడడుగుల గాజు తొట్టి, అందులో ఎనిమిది గోల్డ్ ఫిష్. ఆదివారం చర్చి నుంచి రాగానే సార్ తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవారు. నన్నూ పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. కిరాయిదారుకు అంత మర్యాద ఇచ్చే ఇల్లు నాకు మళ్లీ దొరకలేదు. ఇంటి పనికి రోజూ పొద్దున సుగుణక్క వచ్చేది. పన్నెండేళ్లుగా వస్తోంది.

సార్ మోకాలి ఆపరేషన్‌కు భార్యతో కలిసి హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చింది. పది రోజులు చేపల్ని ఎవరు చూస్తారంటే నేనే ముందుకొచ్చాను. జువాలజీతో డిగ్రీ చదివినవాణ్ణి. నీటిలో కరిగిన ఆక్సిజన్ మీద పరీక్షలో రెండు పేజీలు రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ సంగతి చేపలకు తెలియదు.

సార్ చెప్పినవి రెండే. మేత చిటికెడు వెయ్యాలి, ఫిల్టర్ ఆపకూడదు. మూడో రోజు ఫిల్టర్ లోపలి స్పాంజి చూశాను. గోధుమరంగు, జిగురు. ఇంత శుభ్రమైన మనిషి దీన్నెట్లా వదిలేశారని జాలిపడ్డాను. కుళాయి కింద పెట్టి, కొత్తదానిలా అయ్యేదాకా పిండాను. సబ్బు పెట్టలేదు, ఆ మాత్రం తెలివి ఉంది. నేను మురికి అనుకున్నది నీళ్లలోని విషాన్ని తినేసే సూక్ష్మజీవుల ఊరు. ఊరికి ఊరే కడిగేశాను. ఆ ఊపులోనే సగం నీళ్లు తోడేసి, బ్లీచింగ్ వాసనేసే కుళాయి నీళ్లు నింపాను. ఫిల్టర్ మూతి నుంచి నీళ్లు పైన పడి గలగలమంటుంటే అది కూడా ఏదో లోపమేననుకుని మూతిని లోపలికి దించాను. చప్పుడు ఆగింది. నీళ్లు అద్దంలా నిలిచాయి. పైన నీళ్లు కదిలితేనే గాలి లోపలికి దిగుతుందని రెండు పేజీలు రాసినవాణ్ణి నేనే.

రెండు రోజుల తర్వాత పొద్దున చూస్తే ఎనిమిదీ పైకొచ్చి, మూతులు నీటి అంచుకు ఆనించి, తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. ముచ్చటేసింది. వీడియో తీసి, మీ కోసమే పైకొచ్చి చూస్తున్నాయి సార్ అని రాసి పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ వచ్చింది.

"అవి నన్ను యాది చేసుకుంటలేవయ్యా. గాలి అందక నోరు తెరుస్తున్నయ్. వీడియోల స్పాంజి కొత్తదాని లెక్క కనవడుతున్నది. స్పాంజి ఎవరు కడిగిన్రు?"

వంటింట్లో సుగుణక్క గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను ఆలోచించలేదు. ఇది నా తరఫున చెప్పుకోదగ్గ మాటేనా? ఆలోచించి ఆడిన అబద్ధమైతే ఆ పూట బుద్ధి వక్రించిందనుకోవచ్చు. ఆలోచించకుండానే అంత అమరికగా వచ్చిందంటే అది లోపల ఎప్పటినుంచో తయారుగా ఉన్నట్టే కదా? పనిచేసే మనిషి మీదికి తప్పు తోసెయ్యడం నాకెవరు నేర్పారు?

"సుగుణక్క కడిగినట్టున్నది సార్."

"ఆమె చెయ్యి ఊకె ఉండదు. సరే, ఫోన్ ఆమెకియ్యి."

గిన్నెల చప్పుడు అప్పటికే ఆగిపోయింది.

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి ఫోన్ తీసుకుంది. నా వైపు ఒకసారి చూసింది. తాను కడగలేదని సార్‌తో అనలేదు. అంటే వాదన మొదలయ్యేది, చేపలకు అంత వ్యవధి లేదు. సార్ చెప్పినట్టు ఫిల్టర్ మూతి పైకెత్తింది. నా గది ముందు డ్రమ్ములో నిన్నటినుంచి నిలవున్న నీళ్లు నాతో తెప్పించి, పావు తొట్టి మార్చింది. తర్వాత చెంబుతో తొట్టి నీళ్లే ముంచి, చాయ్ చల్లార్చినట్టు జానెడు ఎత్తు నుంచి మళ్లీ తొట్టిలోకే పోయసాగింది. ముంచడం, పోయడం. మధ్యాహ్నం దాకా. నేను అందుకుంటానంటే ఒకసారి ఇచ్చింది. నా ధార గచ్చు మీద పడుతుంటే మళ్లీ తీసుకుంది. మూడు చచ్చిపోయాయి. ఐదు కిందికి దిగి ఈదాయి.

సార్ తిరిగొచ్చాక అరవలేదు, అరిచే మనిషి కాదు. వేరే మనిషిని మాట్లాడుకున్నామని సుగుణక్కకు మర్యాదగా చెప్పారు. నేను మెట్ల మీద నిలబడి విన్నాను. అప్పుడైనా దిగి చెప్పవచ్చు కదా? నాలుగు మెట్లే.

ఆమె వెళ్తూ గేటు దగ్గర ఆగింది. తిట్టుకు సిద్ధపడ్డాను.

"సప్పుడు బంద్ జెయ్యకు తమ్మీ. నీళ్లు మీద పడ్డ సప్పుడుంటేనే వాటికి పానం."

ఇప్పుడు మా ఇంట్లోనూ ఒక తొట్టి ఉంది. నీళ్లు పైన పడుతూనే ఉంటాయి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు నొక్కి పెట్టేస్తాను. ఒకరోజు బకెట్లో నిలవ ఉంచిన నీళ్లతో వారానికి పావు వంతు మారుస్తాను. చోటుకు మించి చేపల్ని వెయ్యను. చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఇందులో నా తెలివి ఏమీ లేదు. కొంత సార్ చెప్పింది, మిగతాది ఆ రోజు ఆమె చేతుల్ని చూసి నేర్చుకున్నది. ఇద్దరికీ నేనెంత రుణపడ్డానో ప్రతి ఆదివారం తొట్టి ముందు అనుకుంటాను. అనుకోవడం దగ్గరే ఆగిపోయేవాణ్ణి. సార్ రెండేళ్ల కింద పోయారు. ఆయనకు ఇక చెప్పలేను.

పోయిన నెల కూరగాయల మార్కెట్లో సుగుణక్క, వాళ్ల అత్త కనిపించారు. నేనెవరో తెలియగానే ముసలమ్మ నవ్వింది.

"ఆ సార్ ఇంట్ల ఉన్న పిలగాడివా? నీళ్లల్ల ఉన్న చేపలకే ఊపిరాడకుంట జేసింది బిడ్డా, మా కోడలు."

సుగుణక్క తలెత్తకుండా వంకాయలు ఏరుతోంది. అది ఎంత పాత ఎత్తిపొడుపో ఆ ఏరడంలోనే తెలిసింది. నా అబద్ధం ఒక ఇంటి పని పోవడంతో తీరిపోయిందనుకున్నాను. అది ఇన్నేళ్లుగా ఆమె ఇంట్లో కాపురం ఉంది.

ఆదివారం బండి మీద హవేలిఘనపూర్ దారిలో ఉన్న వాళ్లింటికి వెళ్లాను. ఆమెను వాకిట్లోకి పిలిచి మొదలుపెట్టాను. సగంలోనే ఆపింది.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను కడగలేదని నాకు ఎర్కలేదా? లోపలికొచ్చి ఆళ్లకు చెప్పు."

లోపల అత్త, భర్త, పుట్టింటికొచ్చిన పెద్ద కూతురు అన్నం తింటున్నారు. స్పాంజి కడిగింది నేనని, సార్‌కు అబద్ధం చెప్పింది నేనని, బతికిన ఐదింటినీ బతికించింది అక్క అని చెప్పాను. మధ్యలో ఒక జోకు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. అత్త చెయ్యి కంచంలో ఆగింది. భర్త తలెత్తి భార్య వైపు చూశాడు. సుగుణక్క క్షమించాననలేదు, పర్వాలేదనలేదు, కూర్చోమని కూడా అనలేదు. గిన్నెలో గరిటె తిప్పి, వాళ్లకు ఇంకాస్త పప్పు వేసి, తన కంచం కూడా తెచ్చుకుని అత్త పక్కన కూర్చుంది.

నేను చెప్పులేసుకుని బయటికొచ్చాను. తప్పు తగ్గలేదు. కానీ ఆ ఇంట్లో ఇప్పుడు దానికి నా పేరుంది. అంతకే నాకు ఎంత హాయిగా ఉందో, ఆ సంగతి అక్కకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.