గాయానికి క్యూరింగ్ డేటు

లింబాద్రి కాకకు ఎవరి ఒంటి మీద గాయం కనిపించినా పక్కన తేదీ రాసేయాలి. అదీ పర్మనెంట్ మార్కర్‌తో.

గల్ఫ్‌లో మేముండే అల్ హైల్‌లో ఆయనా మా నాన్నా ఒకే కంపెనీ. కాక కాంక్రీటు ఫోర్‌మన్. పిల్లర్ పోయగానే దాని మీద తేదీ రాసి, ఇన్ని రోజులు నీళ్లు పట్టి క్యూరింగ్ చేయాలని చూసుకోవడం ఆయన డ్యూటీ. మనుషులకూ అదే నియమం. ఓసారి ఇంజినీరు నుదుటికి తలుపు తగిలితే, "సార్, కదలకుర్రి" అంటూ అక్కడే తేదీ వేశాడు. ఆ సార్ అలాగే మీటింగుకు వెళ్లాడు. అందరూ తన మొహమే చూస్తుంటే, ఈ రోజు భలే మాట్లాడాననుకున్నాడు.

ఇందులో నా పాపమూ ఉంది. కాక కాలికి మేకు దిగినప్పుడు, గాయం ఎలా మానుతుందో ఫోన్లో చదివి వినిపించాను. తెల్లరక్తకణాలను ఆయన వెంటనే డ్యూటీలో చేర్చుకున్నాడు.

"ముందుగాల న్యూట్రోఫిల్ గ్యాంగు. ఉరికొచ్చుడు, క్రిములను కొట్టుడు, సచ్చుడు. ఎన్క మాక్రోఫేజులు. చెత్త ఎత్తుతయి, మల్ల అవ్వే తాపీ పట్టి కొత్త చర్మం కట్టిపిస్తయి. ఒక్క వీసా మీద రెండు పనులు, బిడ్డా!"

ఆయన రూమ్‌లో దోమకాటు గోక్కునే స్వేచ్ఛ కూడా ఎవరికీ లేదు.

అదే రూమ్‌లో ఉండే కడప నిసార్ అహ్మద్ క్రేన్ నడుపుతాడు, దవడలో పొగాకు పెడతాడు. బుగ్గ లోపల పుండు లేచింది. "పన్ను గీసుకుందిలేబ్బా" అన్నాడు. నోట్లో రాయడం కుదరక కాక బుగ్గ మీద రాశాడు. చెరిగినప్పుడల్లా మళ్లీ అదే తేదీ.

మూడు వారాలకు నోట్లోకి టార్చి వేసి చూశాడు.

"నిసార్ భాయ్, మరమ్మత్తు గ్యాంగు ఇంక లోపల్నే ఉన్నదంటే, ఎవడో పర్మిషన్ లేని బిల్డింగ్ లేపుతున్నడేమో. వాడు మాక్రోఫేజులను మాటల్ల వెట్టి, నెత్తురొచ్చే నల్లా పైపులు గుడ వాటితోనే ఏపిచ్చుకుంటడట. బిడ్డ చదివింది. దవాఖానకు పా."

"నేను రాను. క్యాన్సరని తేలితే కంపెనీ ఇంటికి పంపిస్తాది."

"నడుచుకుంట ఇంటికి పోవుడు మంచిదా, డబ్బాల పండుకొని పోవుడు మంచిదా?"

నిసార్ చెప్పులేసుకున్నాడు.

అది క్యాన్సరే. కానీ బియ్యపుగింజంత. కోసి తీసేశారు. నెల తర్వాత క్రేన్ ఎక్కొచ్చని డాక్టరు కాగితం రాసిచ్చాడు, కంపెనీ సరేనంది.

కుట్లు విప్పే రోజు కాకతో పాటు నాన్నా నేనూ వెళ్లాం. నర్సు కత్తెర పెట్టింది. ఒక్క రక్తపు చుక్క కనిపించింది. కాక ఢామ్మని కింద పడ్డాడు.

నేను కెవ్వుమన్నాను. మా నాన్న మాత్రం తీరిగ్గా, "వీడు చిన్నప్పటిసంది గంతే. ఊళ్లె కోడిని కోస్తే పక్కూరికి ఉరికెటోడు" అన్నాడు.

"మరి రోజూ అందరి గాయాలూ చూస్తాడు కదా?"

"పండ్లు బిగవట్టి చూస్తడు. ఎన్క బాత్‌రూముల నల్లా ఇప్పుకొని కూసుంటడు. ఎవరో ఒగలు చూడాలె గదా అంటడు."

నర్సుకు అయోమయం. "ఇంతకీ మీ ఇద్దరిలో పేషెంటెవరు?"

నిసార్ నోట్లో ఇంకా సగం కుట్లున్నాయి. నవ్వలేడు, నవ్వకుండా ఉండలేడు. చెంప పట్టుకుని మంచం దిగి, కాకను ఎత్తి దాని మీద పడుకోబెట్టి, తన రిపోర్టు ఫైలుతో విసరడం మొదలుపెట్టాడు.