కుట్టు వదిలిన అలమర

గొప్పవాళ్ల జీవితచరిత్రలు చాలా చదివాను. అందరూ ఏడేళ్లకే ఏదో ఒకటి సాధించేసి మనలాంటివాళ్లకు తలవంపులు తెస్తారు. మా పిన్ని కథ మాత్రం నలభై మూడో ఏట, ఒక వంకర కిటికీ దగ్గర మొదలైంది. అందుకే నాకిష్టం.

పిన్ని ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టింది. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక మిషను మీద దుమ్ము పేరుకుంది. ఒకరోజు వీధి చివర కడుతున్న ఇంటికి కర్టెన్ల కొలతలు తీయడానికి వెళ్లి, "మేస్త్రిగారూ, ఈ కిటికీకి ఎడమ భుజం జారింది" అంది. మేస్త్రి మూలమట్టం పెట్టి చూశాడు. నిజంగానే వేలెడు జారింది. మర్నాటి నుంచి చెక్కలకు గరుకు కాగితం రుద్దే పని ఇచ్చాడు. రుద్దుతూ రుద్దుతూనే ఆమె రంపం పట్టింది, చిత్రిక పట్టింది. మా ఇంటికొస్తే జుట్టు నిండా రంపప్పొట్టు. మా అమ్మ గుమ్మం బయటే దులిపించేది.

ఆరు నెలలకు పాత వడ్రంగి మానేశాడు. ఆ చోటు తనకిమ్మని పిన్ని అడిగింది.

"వంటగది మూలలో అలమర బిగించు" అన్నాడు మేస్త్రి. "గోడకీ దానికీ మధ్య కాగితం దూరకూడదు. దూరిందా, మళ్లీ రుద్దుడే."

ఆ రోజు నాకు మామూలుగానే పనేమీ లేదు. చూడ్డానికి వెళ్లాను.

పిన్ని చెక్కలు కోసి నిలబెట్టింది. గోడవైపు చెక్క వేలెడు ఎక్కువొచ్చింది. బట్టకు కుట్టు కోసం అంచు వదిలినట్టే, చేతి అలవాటు కొద్దీ చెక్కకూ వదిలేసింది. పనివాళ్లు పడీ పడీ నవ్వారు.

"ఏమ్మా కుట్టుమిషనూ, వచ్చే ఏడాదికి అలమర లావెక్కుతుందని వదిలావా?" అన్నాడు మేస్త్రి.

పిన్ని మొహం ఎర్రబడింది. చెక్కను గోడకు ఆనించింది. గోడ మధ్యలో ఉబ్బి ఉంది. సరిగ్గా కొలతకు కోసి ఉంటే పైనా కిందా సందు మిగిలేది. పిన్ని కళ్లు మెరిశాయి. సంచిలోంచి బట్టల సుద్ద తీసి, వేలిని గోడ వెంబడి జారుస్తూ, ఆ వంపునంతా చెక్క మీద గీసింది.

"గోడకి పొట్ట ఉందండీ. పొట్ట ఉన్నవాళ్లకి కుట్టడం నాకు కొత్తా?" అంటూ మేస్త్రి చొక్కా గుండీల వైపు చూసింది.

ఈసారి పనివాళ్లు మేస్త్రికి వీపు తిప్పి నవ్వారు.

గీత దాకా చిత్రిక పట్టింది. పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా రాలింది. నెట్టగానే అలమర టక్కున కూర్చుంది. మేస్త్రి కాగితం తీసి పైన దూర్చబోయాడు, మధ్యలో దూర్చబోయాడు, మోకాళ్ల మీద కూలబడి కింద కూడా ప్రయత్నించాడు. కాగితం ఉండచుట్టుకుపోయింది.

"రేపు ఎన్నింటికొస్తావ్?" అన్నాడు లేస్తూ.

"రుద్దడానికా?"

"దానికి నీకో మనిషినిస్తాలే."

మా ఇంటిదాకా పిన్ని కాళ్లు నేల మీద లేవు. కనబడిన ప్రతి గేటునూ ఇది వంకర, అది వంకర అంటూ నవ్వుతూనే ఉంది.

"అక్కా, మీ తలుపు పదేళ్లుగా కిర్రుమంటూ ఎందుకేడుస్తోందో ఇప్పుడర్థమైంది" అంది రాగానే.

"ముందు మంచినీళ్లు తాగవే తల్లీ" అంటూ అమ్మ లోపలికెళ్లింది. గ్లాసుతో తిరిగొచ్చేసరికి మా వీధి తలుపు ఊడొచ్చి రెండు కుర్చీల మీద పడుకుని ఉంది.

పక్కింటావిడ వచ్చింది. కొట్టడానికి తలుపు కనబడక కాసేపు తటపటాయించి, గోడ మీద కొట్టింది.

"రండి" అంది పిన్ని, నోట్లో మేకులతో. "తీసే ఉంది."