అమ్మ పంపిన ప్లాటినం

మా చిన్నప్పుడు మా ఇంటికి ప్లాటినం వచ్చింది... నిజంగానే. కువైట్ నుంచి, పక్క ఊరి ఆవిడ సూట్‌కేసులో, పాలపొడి డబ్బాకీ సెంటు సీసాకీ మధ్య ఇరుక్కుని వచ్చింది.

మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. నాన్న అరటి గెలల లారీ మీద ఒరిస్సా వైపు తిరిగేవారు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనికి వెళ్లింది. రెండేళ్లకోసారి రావచ్చన్నారు గానీ, ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డొచ్చేది. ఇంట్లో మిగిలింది నేనూ, అమ్మమ్మా...

అమ్మ పనిచేసే ఇంట్లో నా ఈడు పిల్లాడొకడు ఉండేవాడు. వాడికి కొత్త వీడియో గేమ్ పెట్టె కొన్నాక, పాతది అమ్మకి ఇచ్చేశారు. అలా అది మా టీవీ దగ్గరికి చేరింది. ఆ తర్వాత ఊరికి వచ్చేవాళ్ల చేత అమ్మ అప్పుడప్పుడూ ఆటల సీడీలు పంపేది. ప్రతి డబ్బా మీదా వెండి రంగు పట్టీ ఒకటి, దాని మీద ఇంగ్లీషులో 'ప్లాటినం' అని ఉండేది.

మొదటి డబ్బా వచ్చిన రోజు అమ్మమ్మ దాన్ని కొంగుతో తుడిచి, "ఏం రాశార్రా దీని మీద?" అంది. చదివాను. అంతే... ఆదివారం చర్చి అయ్యేసరికి ఊరంతా టాంటాం.

"మా అమ్మాయి ప్లాటినం పంపిందండి. బంగారం కంటే రేటెక్కువంటండి!"

ఆడవాళ్లు కొందరు ప్రార్థన నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చారు. ఒకావిడ డబ్బాని అటూ ఇటూ తిప్పి, పట్టీని గోటితో గీకి, "ఇదేంటండీ... కాయితమండీ!" అని పెదవి విరిచింది.

అమ్మమ్మ తగ్గితేనా! "లోపలుంటాదండి" అని చెప్పి, బీరువాలో పెట్టి తాళం వేసేసింది. ఇక ఆడుకోవాలన్నప్పుడల్లా నేను ఆవిడ గడ్డం పట్టుకుని బతిమాలుకోవాల్సి వచ్చేది.

శుక్రవారం అమ్మకి కాస్త తీరిక. పక్కింటి వాళ్లకి ఫోన్ చేస్తే నేను పరుగెత్తేవాణ్ణి. ఒకసారి తనే చెప్పింది... ఏదో కొత్త కారు ఆట రాబోతోందట, అక్కడి పిల్లాడు దానికోసం ఇల్లు పీకి పందిరేస్తున్నాడట.

"అది రాగానే నేనే కొని పట్టుకొచ్చేత్తాను నాన్నా. మరింక ఎల్లను. బెంగెట్టుకోకు."

గంపెడాశ పెట్టుకున్నాను. ఆ ఆటా, అమ్మా నాకు ఒకటే అయిపోయారు. ఆట వస్తే అమ్మ వచ్చినట్టే.

సెలవులు వెళ్లాయి... కాలవలు నిండాయి... ఇంటి ముందు క్రిస్మస్ స్టార్ కట్టాం, తీసేశాం. మళ్లీ ఎండలు ముదిరాక ఆట వచ్చింది. ఇంకెవరో ఆవిడ సూట్‌కేసులో. పైన అదే వెండి పట్టీ.

"ఇదీ ప్లాటినమేరా!" అని అమ్మమ్మ మురిసిపోయింది.

రాజమండ్రిలో ఇంటర్ చదివే మా పెదనాన్న కొడుకు శ్యామ్ అన్నయ్య ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు. డబ్బా చూసి ఒకటే నవ్వు. "ప్లాటినం లేదు, గాడిదగుడ్డూ లేదు. ఇది సెకండ్ రిలీజ్‌రా!"

సెకండ్ రిలీజ్ అంటే మాకు కొత్తేం కాదు. పెద్ద సినిమాలు టౌన్లో ఆడి ఆడి, చూసేవాళ్లంతా చూసేశాక, టికెట్టు తగ్గించి మా ఊరి హాల్లో వేసేవారు. మేం చూసిన సినిమాలన్నీ ఆ బాపతే. ఆటలకీ అంతేనట... బాగా అమ్ముడుపోయిన ఆటని ఏడాదో ఎంతో గడిచాక రేటు తగ్గించి, ఈ పట్టీ వేసి మళ్లీ అమ్ముతారట.

"హిట్టయినదానికే వేస్తార్రా, ఫ్లాపులకి వెయ్యరు" అని అన్నయ్య నన్ను ఓదార్చాడు కూడా.

నాకు హిట్టూ ఫ్లాపూ ఎక్కలేదు. 'ఏడాది గడిచాక' అన్న మాట ఒక్కటే పట్టుకుంది. అంటే ఆ ఆట ఎప్పుడో వచ్చేసింది. ఆ ఇంటి పిల్లాడు అది వచ్చిన రోజే ఆడేసి ఉంటాడు. వాడు ఆడుతుంటే అమ్మే పక్కన నిలబడి వాడికి తినడానికి అందించి ఉంటుంది. ఆట వచ్చినా అమ్మ రాలేదు... దాని రేటు తగ్గేదాకా అక్కడే ఉండిపోయింది.

ఏడుపొస్తుందనుకున్నాను. రాలేదు. కూర్చుని ఆ కారు ఆట ఆడాను. గెలిచాను కూడా. ఏమీ అనిపించలేదు.

శుక్రవారం ఫోన్లో "ఆట బాగుందా నాన్నా?" అంది అమ్మ. బాగుందన్నాను. ఎప్పుడొస్తావని అడగడం ఆ రోజుతో మానేశాను. అమ్మ ఆ ప్రశ్న కోసమే అనుకుంటా, కాసేపు ఆగి "ఇంకేంటి నాన్నా?" అనేది. ఏం లేదనేవాణ్ణి... నిజంగానే ఏమీ ఉండేది కాదు.

ఇప్పుడు ఆటలకి డబ్బాలూ లేవు, పట్టీలూ లేవు. మా వాడు వేలితో నొక్కితే ఆట దిగిపోతుంది. రేటు తగ్గిందని ఫోనే కబురు చెబుతుంది. ఎవరి సూట్‌కేసు కోసమూ కళ్లలో వత్తులు వేసుకుని చూడక్కర్లేదు. మంచిదే. మీ ఇళ్లకీ అలా దూరం నుంచి ఆటలో, బొమ్మలో వచ్చేవా? ఎవరు పంపేవారో కింద రాయండి... తీరిగ్గా చదువుకుంటాను.

అన్నట్టు, అమ్మ వచ్చిందా అని అడుగుతారు మీరు. వచ్చింది... నేను పదో తరగతి రాసిన ఏడాది. రావులపాలెం సెంటర్లో బస్సు దిగింది. ఎదురెళ్లి సూట్‌కేసు అందుకుని, "బాగున్నారా అండి?" అన్నాను. కావాలని అనలేదు, నోటికి అదే వచ్చింది. అమ్మ నా వైపు చూసి, "బాగున్నానండి" అంది.

ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది. నేను ఇప్పటికీ 'మీరు' అనే అంటాను. 'నువ్వు' అందామని నోటిదాకా వస్తుంది గానీ, బయటికి రాదు. ఇంటికి వచ్చినవాళ్లు, "కన్నతల్లిని కూడా అండీ అంటాడు... ఎంత మర్యాదగా పెంచారండీ!" అని మెచ్చుకుంటారు. అమ్మ వాళ్లకి కాఫీ పెడతానని వంటింట్లోకి వెళ్లిపోతుంది.