లాండ్రీ రూమ్‌లో ఇటలీ

అక్క పోయిందని బావగారు ఫోన్ చేసినప్పుడు నేను పిల్లల లంచ్ బాక్సులు సర్దుతున్నాను. వస్తున్నామని చెప్పి, మూతలన్నీ పెట్టి, అప్పుడు ఏడ్చాను. అక్క అంటే మా పెద్ద తోడికోడలు. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో మా ఇళ్ళ మధ్య రెండే వీధులు. నా రెండు పురుళ్ళూ ఆమే పోసింది. అయినా ఈ పదేళ్ళూ ఆమెను చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను. పోయినవాళ్ళ గురించి చెడు చెప్పకూడదంటారు. ఇందులో చెడు నాది కాబట్టి మీతో చెప్పడానికి అడ్డేం లేదు.

అక్కది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. సెలవు పెట్టిందంటే షికాగోలో మ్యూజియమ్‌కే. ముందుగా అడిగితే పాత బొమ్మల పెట్టెలు తెచ్చి చూపించే గది ఒకటుంది అక్కడ. పందొమ్మిదో శతాబ్దంలో ఇటలీ అంతా తిరిగి కొండలూ, కూలిన గుళ్ళూ, విరిగిన కమానులూ పెన్సిల్‌తో గీసిన ఒకాయన బొమ్మలంటే ఆమెకు పిచ్చి. జుట్టుముడిలో పెన్సిల్ గుచ్చుకుని వెళ్ళి, వాటిని చూసి గీసుకునేది. "గీసేది పావుగంటే. మిగతాదంతా చూడ్డమే," అనేది. చిక్కుడుకాయలు ఒలుస్తూ కూడా ఒక్కో గింజనీ అలాగే చూసేది. ఆమెతో వంట ఒక పట్టాన తెమిలేది కాదు.

మా గృహప్రవేశానికి అలా గీసిన కమాను బొమ్మొకటి ఫ్రేమ్ కట్టించి ఇచ్చింది. హాల్లో పెట్టాం. వచ్చినవాళ్ళంతా నా పులిహోర తిని ఆమె బొమ్మను పొగిడేవారు. రెండేళ్ళు ఓర్చుకున్నాను. హాలుకి రంగులు వేయించే వంకతో దాన్ని లాండ్రీ రూమ్‌లోకి చేర్చాను. రంగులు ఆరాయి, బొమ్మ మాత్రం తిరిగి రాలేదు. ఒకరోజు అక్క కంటపడింది. "ఇక్కడే నయం. వెలుతురు తగిలితే కాగితం పాడవుతుంది," అంది. అది వెటకారమో జాలో తేల్చుకోలేక చాలాకాలం గింజుకున్నాను.

కిందటి శీతాకాలం, కీమో మందులకి చేతులు వణకడం మొదలయ్యాక, మ్యూజియమ్‌కి డ్రైవ్ చేయమని నన్నే అడిగింది. అక్కడి ఆవిడ పెట్టె తెరిచి, మా ఇంట్లో ఉన్న బొమ్మకి అసలుది తీసి మా ముందు పెట్టింది. కమాను, వెనక కొండ. పైనంతా ఉత్త కాగితం.

"చూశావా? ఆకాశం వదిలేశాడు. అయినా ఎండ కొడుతోంది," అంది అక్క. "నేను వదల్లేక మబ్బులు గీసి చచ్చాను. వీణ్ణి చూస్తే ఒళ్ళు మండిపోతుందే నాకు."

ఎప్పుడో పోయినవాడి మీద! నాకున్న జబ్బే ఆమెకూ ఉందన్నమాట. ఇక నా నోరు ఆగలేదు.

"అక్కా, నీ బొమ్మ నేను కావాలనే తీసేశాను. రంగుల కోసం కాదు. అందరూ నిన్నే పొగుడుతుంటే చూళ్ళేక."

"తెలుసులేవే."

"మరి ఒక్క మాటా అనలేదేం?"

"ఏమనను? నువ్వు కాబట్టి వాషింగ్ మెషీన్ పక్కన పెట్టావు. నేనైతే చించి పారేసేదాన్ని."

ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం. పెట్టె తెచ్చినావిడ తలెత్తి మావైపు చూసింది. అక్క వణికే చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, ముక్కు కాగితానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా వంగి, వాడు గీయకుండా వదిలేసిన చోటునే కుళ్ళుకుంటూ చూస్తూ ఉండిపోయింది.